తలుపుల ఆయమ్మ కేక

ఇరవై రెండేళ్ళు ఎక్స్‌రే గది దగ్గర ఆయాగా చేసిందామె. రోగిని బల్ల మీద సర్దాక "బయటికి!" అని కేక వేయాలి. అందరూ వచ్చాక సీసపు రేకు తాపిన తలుపు మూయాలి. బొమ్మ పడ్డాక "అయింది, లోపలికి రండి!" అనాలి. ఆ కేకకు పెద్ద డాక్టర్లు కూడా కాఫీ కప్పులతో సహా పరుగెత్తుకొచ్చేవారు. అందుకే ఆమె అందరికీ తలుపుల ఆయమ్మ.

ఉద్యోగం మానేసి పదేళ్ళయింది. ఇప్పుడు ఆమె మనవడు, నెలలు నిండకుండా పుట్టి మూడు రోజులైనవాడు, గాజుపెట్టెలో గుప్పెడంత ఉన్నాడు. పొద్దుటి నుంచి రెండుసార్లు ఊపిరి ఆగి, మళ్ళీ ఆడింది. తలలో రక్తం చిమ్మిందేమో చూడాలని స్కానింగ్ రాశారు. కూతురు సంతకమైతే పెట్టింది గానీ, చక్రాల కుర్చీలో వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను చూడలేనే అమ్మా. నువ్వే ఉండు."

ఉంటానంది. ఆయమ్మ మనసులో మాత్రం వేరే ఆలోచన ఉంది. స్కానింగ్ చేసే మనిషి తలుపు వైపు ఒక్క అడుగు వేసిందా, తన ఒళ్ళు అడ్డం పెట్టేస్తుంది. పసివాణ్ణి కిరణాల ముందు ఒంటరిగా వదలదు గాక వదలదు.

డాక్టరమ్మ మిషను తోసుకుంటూ వచ్చింది. ఆమెకు ఏడో నెలో, ఎనిమిదో నెలో. ఆయమ్మ చూపు ఆ పొట్ట మీదే పడింది. ఇంత కడుపుతో ఉన్న మనిషి లోపల నిలబడుతుందా?

డాక్టరమ్మ మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. వేడినీళ్ళ గిన్నెలోంచి, స్కానింగ్‌కు ముందు రాసే జిగురు సీసా తీసి, ఒక చుక్క తన మణికట్టు మీద వేసి చూసుకుంది.

"చల్లగా తగిలితే వీడి ఒళ్ళు చల్లబడిపోతుంది. వీడికి అసలు భయం దాంతోనే. తల కదలకుండా పట్టుకోండి, అమ్మమ్మా."

ఇంకా ఎముక పూడని మాడు మీద, గుండెలా కొట్టుకుంటున్న ఆ మెత్తటి చోట, మిషను పిడి ఆనించబోయింది.

"ఆగు!" ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు బయటికి పోవా?"

"ఎందుకు పోవాలి?"

"కడుపుతో ఉన్నావు కదా తల్లీ! కిరణాలు..."

"ఇది ఎక్స్‌రే కాదు, కిరణాలే లేవు. చెవికి అందని శబ్దం. నూతిలో కేకేస్తే తిరిగి వినపడదూ? అలా వెనక్కి వచ్చినదాంతో బొమ్మ గీస్తుంది."

"కేకా? వాడి బుర్ర అదిరిపోదూ?"

"ఎక్కువలో పెట్టి, చాలాసేపు ఉంచితే వేడెక్కుతుంది. అందుకే బాగా తక్కువలో పెట్టాను. చూడాల్సింది చూసి తీసేస్తాను. నొక్కను, ఆనిస్తానంతే."

ఇంతలో పక్కనున్న యంత్రం కూసింది. పిల్లాడి ఛాతీ కదలడం లేదు. నర్సు పరుగున వచ్చి అరికాలు రుద్దింది. వాడు ఉలిక్కిపడి మళ్ళీ గాలి పీల్చాడు.

"అమ్మమ్మా, లోపల ఏముందో తెలియకుండా ఏ మందని వెయ్యను?"

ఆయమ్మ చెయ్యి తీసేసింది. "కానీ, తల్లీ."

తల పట్టుకుందే గానీ, పాత అలవాటుకు కాళ్ళు తలుపు వైపే లాగుతున్నాయి. కాలివేళ్ళు నేలకు అదిమిపెట్టి నిలబడింది. తెర మీద నలుపు, బూడిదరంగు కదులుతున్నాయి. డాక్టరమ్మ మొహంలో ఏమీ లేదు. ఏమీ లేని డాక్టర్ల మొహం ఎలాంటి కబురు తెస్తుందో ఆయమ్మ చాలాసార్లు చూసింది.

"నోరు విప్పవేం? రక్తం ఉందా?"

"లేదు. రెండు వైపులా శుభ్రంగా ఉంది. నెలలు నిండలేదు కదా, ఊపిరి తీయడం మరిచిపోతున్నాడు. దానికి మందుంది. వారం పోయాక మళ్ళీ చూస్తాను."

"మళ్ళీనా!" ఆయమ్మ మాడు మీది జిగురు మెత్తగా తుడిచింది. "సరే, చూడు. ఆ సీసా మాత్రం ఇలాగే వెచ్చబెట్టుకురా."

గబగబా వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"అయింది, లోపలికి రా!"

పదేళ్ళ తర్వాత పడిన కేక. అవతలి గదిలోంచి ఇద్దరు నర్సులు కంగారుగా పరుగెత్తుకొచ్చారు. కూతురు మాత్రం కుర్చీ చక్రాలు తానే తిప్పుకుంటూ గుమ్మం దాటింది.