పద్దెనిమిదో వచనం

2004లో తూంకుంటలో, టైల్స్ దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. ప్రభుత్వోద్యోగం దొరకనివాళ్లమంతా అక్కడ ప్రభువు మాటలు వెతికేవాళ్లం. నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లండు పాదరీల ప్రసంగాలు లండన్ నుంచి వచ్చేవి. వాటిలో బైబిలు మాట కనబడితే, అది ఏ అధ్యాయంలో ఏ వచనమో పక్కన రాయాలి. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా చేస్తారు. జవాబులు కలిస్తే సరే, కలవకపోతే తీర్పు నాది. పాదరీలకు తీర్పుదినం ఒక్కటే, నాకు నెలకు ఇరవై ఆరు!

బాలేష్, దుర్గాబాయి ఒక జంట. మూడు నెలల్లో ఎవరి తప్పులు తక్కువైతే వాళ్లు పర్మనెంటు. "పర్మనెంటైతేనే పని, లేకుంటే ఇంట్ల కూసో" అని దుర్గాబాయికి అత్తగారి గడువు.

బాలేష్ ప్రతి మాటనూ కంప్యూటర్ బైబిల్లో కొట్టేవాడు. దొరికితే నంబరు, దొరక్కపోతే ఖాళీ. ఖాళీకి తప్పు పడదు. దుర్గాబాయి ఖాళీ ఉంచేది కాదు. మచ్చ బొల్లారంలో ఆమె పక్కింటి వజ్రమ్మకు కీర్తనలన్నీ నోటికి వచ్చు. సాయంత్రం పాదరి మాటను తెలుగులో చెప్పి ఆమెను అడిగి, పొద్దున నంబరు రాసేది. నేను అదే మాట కంప్యూటర్లో కొట్టి, దొరక్క, ఎర్ర పెన్నుతో కొట్టేసేవాణ్ని. అంతా కొట్టుడే!

ఒకరోజు ఆమె వజ్రమ్మ తెలుగు బైబిలు తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"సార్, ఇనుము ఆయన పాణంలకు దిగిందని పాదరి అన్నడు గదా, మీరు కొట్టేసిన్రు. గిది సూడుండ్రి. నూట అయిదో కీర్తన, పద్దెనిమిది. యోసేపుకు సంకెళ్లేసిన కాడ."

చూశాను. ఉంది. అప్పుడు తట్టింది: పాదరీలు చదివింది మా కంప్యూటర్లో ఉన్నదానికంటే పాత అనువాదం. వజ్రమ్మ తెలుగు దానికే దగ్గర.

"అక్కా, ఖాళీ ఇడిసిపెట్టరాదు! గంత పరేషాన్ ఎందుకు?" అన్నాడు బాలేష్.

"ఎర్కైనంక ఎట్ల ఇడుస్తరా?"

ఒప్పుకుంటే రెండు వందల తీర్పులు తిరగరాయాలి. అన్నీ నా సంతకంతో లండన్ చేరాయి. "మనది ఇంగ్లీషు పనమ్మా, తెలుగు సాక్ష్యం చెల్లదు" అన్నాను, నవ్వించబోతూ. బాలేష్ ఒక్కడే నవ్వాడు.

మూడో నెలాఖరుకు ఖాళీలు వదిలిన బాలేష్ ఖాయమయ్యాడు, నింపిన దుర్గాబాయి ఖాళీ అయింది.

రెండు వారాలకు లండన్ ఉత్తరం: సులువుగా దొరికేవి మాకూ దొరుకుతాయి, మీరు ఖాళీ వదిలినవే మాకు కావాలి. సొరుగులోంచి ఆమె కాగితాలు తీశాను. నా ఎర్ర గీతల కింద ఉన్న నంబర్లన్నీ ఎక్కించి పంపాను. ఇంత పాండిత్యం ఎవరిదని అడిగారు. నా పేరు రాశాను.

ఆ వారమే దుర్గాబాయి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం వచ్చింది. అందులో తప్పుల శాతానికి ఒక గడి ఉంది. నిజం రాస్తే లండన్‌కు రాసిన అబద్ధం బయటపడుతుంది. పాత అంకే వేశాను.

ఆమె నిలబడే చదివింది.

"సార్, గీ తప్పులన్నీ నాయేనా?"

"రికార్డుల అట్లనే ఉందమ్మా."

"అయితే రికార్డుకే ఇయ్యుండ్రి."

కాగితం బల్లమీద పెట్టి మెట్లు దిగిపోయింది.