పదకొండో నంబరు బస్సు లెక్క

ఆదివారం పూట పిల్లలతో బస్సెక్కడమంటే మాటలు కాదు. నీళ్ళ సీసా, బిస్కెట్లు, తడిగుడ్డ, వాంతి అయితే పట్టడానికో సంచి, అన్నీ సర్దుకుని తాళం వేశాక చిన్నవాడికి ఒంటేలు వస్తుంది. వాడి పని అయ్యాక పెద్దదానికి దాహం వేస్తుంది, సీసాలో నీళ్ళు వద్దు, లోపలి నీళ్ళే కావాలి. అద్దాల కొట్టులో పనిచేసే వాళ్ళ నాన్న ఆ ఆదివారం రెండుసార్లు తాళం తీశాడు. విసుక్కోలేదు. విసుక్కోవడానికైనా మనిషిలో కాస్త ప్రాణం ఉండాలి కదా.

పెద్దదానికి ఏడేళ్ళు. ఎవరేమన్నా ఎదురు ప్రశ్న వేస్తుందని దాన్ని లాయరమ్మ అంటారు. చిన్నవాడికి నాలుగేళ్ళు, వాడు బుడ్డోడు. తండ్రి భుజాన ఉన్న పెద్ద సంచిని లాయరమ్మ బస్టాపు దాకా అనుమానంగా చూస్తూనే ఉంది.

"చెరువు చూసి సాయంత్రానికి వచ్చేస్తాం కదా. వాడికి అన్ని లాగులెందుకు నాన్నా?"

"తడుస్తాడు కదమ్మా."

"ఆరుసార్లు తడుస్తాడా?"

తండ్రి సంచి రెండో భుజానికి మార్చుకున్నాడు. ఇంతలో బస్సొచ్చింది.

పదకొండో నంబరు బస్సు సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పోయేటప్పుడు అది ఎవరినీ పట్టించుకోదు. తిరిగొచ్చేటప్పుడే లెక్క చూసుకుంటుంది. కలిసి వెళ్ళినవాళ్ళలో ఒక్కరు తగ్గినా, ఎన్నాళ్ళ తరవాత ఎక్కినా సరే, మిగిలినవాళ్ళని ఎక్కించుకుని అక్కడే నిలబడిపోతుంది. ఇంజను ఆడదు. డ్రైవరు దిగి చుట్ట కాల్చుకుంటాడు, కండక్టరమ్మ అల్లిక తీస్తుంది, జనం పల్లీలు ఒలుచుకుంటారు. ఓసారి ఒక తాతగారు చెరువు గట్టు మీద నిద్రపోతే నలభై నిమిషాలు ఆగింది. నిజంగానే రానివాళ్ళ కోసం ఒక పద్ధతుంది. ఇంటివాళ్ళెవరైనా ముందున్న కడ్డీ మీద చెయ్యేసి, ఫలానావాళ్ళు ఇక రారు అని పైకి చెప్పాలి. చెబితే కదులుతుంది. కొడుకుని హాస్టల్లో దింపిన ఒక తల్లి ఆ మాట అనలేక గంటన్నర కూచుంటే, అప్పుడూ ఎవరూ కసురుకోలేదు. అందరిళ్ళలోనూ ఎవరో ఒకరు తగ్గినవాళ్ళే.

ఆయన తన వాక్యం వారం నుంచీ సిద్ధం చేసుకుంటున్నాడు. బుడ్డోడు ఇక మా అక్క దగ్గర ఉంటాడు, రాడు. అంతే.

భార్య పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజూ ఇదే బస్సులో నలుగురూ చెరువుకే వచ్చారు. పడవ టిక్కెట్ల వరసలో నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోయింది. అంబులెన్సులో ఆయన వెళ్ళాడు. పిల్లల్ని చెరువు వెనకాలే ఉండే అక్క తన ఇంటికి తీసుకుపోయి, మర్నాడు టాక్సీలో దింపింది. అమ్మ ఎక్కడని బుడ్డోడు అడిగితే ఊరెళ్ళిందన్నాడు తండ్రి. ఆ మాటే ఇప్పటికీ నడుస్తోంది. లాయరమ్మ మాత్రం, ఎందుకో, ఆ ఒక్క విషయంలో ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

ఆయన ఏడవలేదు. మూడోనాడే కొట్టుకెళ్ళి అద్దాలు కోశాడు. బొటనవేలు తెగి రక్తం బల్ల మీద కారుతుంటే, కొనడానికి వచ్చినావిడ కేక పెట్టేదాకా చూసుకోలేదు. పోయిన నెలలో ఒక సాయంత్రం బుడ్డోణ్ణి బడి నుంచి తీసుకురావడమే మరిచిపోయాడు. రెండు గంటల తరవాత వెళ్తే వాడు మెట్టు మీద ఆయా పక్కన కూచుని ఉన్నాడు. వాణ్ణి చూస్తే తండ్రికి భయం వెయ్యలేదు, సిగ్గు వెయ్యలేదు, హమ్మయ్య అని కూడా అనిపించలేదు. ఇలాంటివాడి చేతిలో పసివాడు ఉండకూడదని ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాడు. అక్కకి పిల్లలు లేరు, ఇంట్లోనే కుట్టుపని. "నీకూ తేలికవుతుంది, వాడికీ వేళకి ఇంత ముద్ద పడుతుంది, తీసుకురారా" అంది. అన్నదాంట్లో తప్పేమీ లేదు.

బస్సులో కిటికీ కోసం పిల్లలిద్దరూ కొట్టుకుని, చివరికి చెరో మూడు స్టాపులని ఒప్పందం చేసుకున్నారు. చెరువు దగ్గర బాతులకి బిస్కెట్లు వేశారు. బుడ్డోడు తడిశాడు, ఒక్కసారే. మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో తిన్నారు. నాలుగింటికి తండ్రి వాడి ముందు గొంతుక్కూచుని చెప్పాడు.

"నువ్వు అత్తయ్య దగ్గర ఉండు. నేను మళ్ళీ ఆదివారం వస్తా."

"అక్క?"

"అక్కకి బడుంది."

"నాక్కూడా ఉంది కదా," అన్నాడు బుడ్డోడు. ఏడవలేదు. ఆ ఏడవకపోవడం తన దగ్గరే నేర్చుకున్నాడని తండ్రికి తట్టలేదు.

లాయరమ్మ బస్టాపు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది. బస్సెక్కాక కిటికీ వైపు వదిలేసి నడవ వైపు కూచుంది. డ్రైవరు తాళం తిప్పాడు. బస్సు కదల్లేదు.

"ఎవరో తగ్గారు, చూసుకోండమ్మా," అంది కండక్టరమ్మ అల్లిక తీస్తూ.

ఆయన లేచి వెళ్ళి కడ్డీ మీద చెయ్యేశాడు. "మా చిన్నవాడు. ఇక మా అక్క దగ్గర ఉంటాడు, రాడు," అన్నాడు. గాజు కొలత చెప్పినట్టు చెప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది.

"ఒకరి లెక్క తీరింది. ఇంకొకరున్నారు," అన్నాడు డ్రైవరు.

"ఇంకెవరూ లేరండీ. ముగ్గురమే వచ్చాం."

"బండి అబద్ధం చెప్పదు సార్. తీరిగ్గా ఆలోచించుకోండి, తొందరేం లేదు."

ఆయన ఆలోచించాడు. ఒక్కరికే వాక్యం సిద్ధం చేసుకుని వచ్చాడు మరి. వెనక సీట్లోంచి లాయరమ్మ గొంతు చిన్నగా వినిపించింది.

"అమ్మ, నాన్నా. అమ్మ మనతో ఎక్కింది కదా."

ఆయన కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. "మా ఆవిడ ఊరెళ్ళింది," అన్నాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు. "ఇప్పట్లో రాదు," అన్నాడు. అయినా కదల్లేదు. కండక్టరమ్మ అల్లిక ఒళ్ళో పెట్టేసి ఆయన వైపు చూసింది. తొందరపెట్టలేదు.

"చనిపోయింది," అన్నాడాయన. "మా ఆవిడ చనిపోయింది. ఇక రాదు."

బస్సు కదిలింది.

ఎనిమిది నెలలుగా ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన చోటల్లా ఎవరో ఒకరు ముందే చెప్పేసి ఉన్నారు. ఇప్పుడు తన నోటితో అన్నాక, తన చెవులతో విన్నాక, ఏడుపు కడుపులోంచి తన్నుకొచ్చింది. కడ్డీకి నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లాయరమ్మ వచ్చి చొక్కా అంచు పట్టుకుంది. అంతలోనే, ఏడుపు ఇంకా సగంలో ఉండగానే, ఆయనకి భయం వేసింది. పిల్లాడు! పిల్లాణ్ణి వదిలేసి వెళ్ళిపోతున్నాడు!

"ఆపండి! మావాడు ఉండిపోయాడు!"

"ఇప్పుడే కదండీ, ఉంటాడు రాడు అన్నారు?" అంది కండక్టరమ్మ.

"తప్పు చెప్పానమ్మా. వస్తాడు. వాడు మాతోనే వస్తాడు."

డ్రైవరు బ్రేకు మీద కాలు వెయ్యకముందే బస్సు ఆగిపోయింది. ఇంజను దానంతటదే ఆరిపోయింది. డ్రైవరు రెండు చేతులూ గాల్లోకెత్తాడు, చుట్ట కోసం జేబు తడుముకున్నాడు.

"అయ్యిందా, ఇంకో గంట," అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. "వెళ్ళవయ్యా వెళ్ళు. పరిగెత్తకు, పడతావు. మేమెక్కడికి పోతాం?"

ఆయన పరిగెత్తాడు. లాయరమ్మ వెనకాలే పరిగెత్తింది. రెండు సందులు దాటి, రొప్పుతూ అక్క ఇంటి తలుపు బాదితే, అక్క సూది చేత్తో పట్టుకునే తీసింది. తమ్ముడి మొహం చూసి అడగబోయిన మాట మింగేసింది. ఆయన క్షమించమనలేదు, కారణం చెప్పలేదు. "తీసుకెళ్తానక్కా," అన్నాడు.

"తీసుకెళ్ళరా," అందావిడ. ఆవిడ కళ్ళూ నిండాయి. పొద్దున్నుంచీ వాడికోసం కుడుతున్న చిన్న దుప్పటి మిషను మీదే ఉంది.

బుడ్డోడు గదిలో సంచి మీద కూచుని ఉన్నాడు. బూట్లు విప్పలేదు. తండ్రి తడిసిన మొహాన్ని వింతగా చూశాడు. ఆ మొహం మీద ఏదైనా చూసి వాడికి చాలాకాలమైంది. ఏదో పెద్ద సంగతే జరిగుండాలనుకున్నాడు.

"అమ్మ వచ్చేసిందా?"

తండ్రి వాడి ముందు నేల మీద కూలబడ్డాడు. బస్సుకి చెప్పడమే కష్టమనుకున్నాడు ఇందాకటిదాకా.

"లేదు నాన్నా. అమ్మ చనిపోయింది. ఇక రాదు."

బుడ్డోడు లాయరమ్మ వైపు చూశాడు. అది తల ఊపింది.

"మరి నువ్వు?"

"నేను వచ్చాను," అన్నాడు తండ్రి.

వాడప్పుడు ఏడుపు మొదలుపెట్టాడు. తండ్రి వాణ్ణి ఎత్తుకున్నాడు, లాయరమ్మ సంచి అందుకుంది.