బొట్టు పెట్టిన క్యాసెట్లు

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకొని చదవండి. యాభై ఎనిమిదో ఏట నేర్చిన అక్షరాలివి. ఈ కాస్త రాయడానికి నాకు వారం పట్టింది.

పొద్దున తొమ్మిదిన్నరకే బాలచంద్ర ఆట క్యాసెట్ అంచున ఉండే రాగి పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దుతున్నాడు. బట్టతల, పొట్టి వేళ్ళు, ఎడమ కన్ను సగం మూసి చూసే అలవాటు. ఆయన నా భర్త. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఆరడుగుల అంగడి. టీవీకి తగిలించి ఆడే పాత వీడియో గేములు అమ్మడం, బాగుచేయడం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. ఒకప్పుడు కొండ దిగిన గుండు పిల్లలు అంగడి ముందు కాళ్ళు కొట్టుకొని ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ చేతుల్లో ఫోన్లు.

అంగడి సొంతదారు రుక్మిణమ్మ మెట్టెక్కింది.

"ఏమప్పా, ఇంకా బూజు అమ్ముతానే ఉండావా? సెల్లు కవర్లాయన నాలుగింటికి వస్తాడు. ఆ లోపల ఒక్క బేరం సూపించు. లేకుంటే తాళం ఆయప్పకే."

"సూపిస్తా అక్కా. మద్రాసు నించి పాప వస్తా ఉండాది."

ఆ అమ్మాయి జెస్సీ. సొంతూరు నగరి. మద్రాసులో పాత ఆటలు కొని అమ్ముతుంది. పదకొండింటికి ఆమె రాగానే ఆయన ఆటలున్న నలభై అట్టపెట్టెలు వరుసగా పేర్చాడు. ఒకటి తీసి తిప్పి చూసింది. ఇంకొకటి చూసింది. ముఖం మాడింది.

"అన్నా, అన్నిట్లోనూ ఈ మచ్చలేంది?"

ప్రతి పెట్టె మీదా పసుపు, నడుమ కుంకుమ. ఏటా ఆయుధపూజకు ఆ బొట్లు పెట్టింది నేను. తిండి పెట్టే వస్తువుకు బొట్టు లేకుండా ఎలా? అన్నం క్యారియర్‌తో అక్కడే నిలబడి ఉన్నాను.

"నేనే పెట్టినా పాపా," అన్నాడాయన, నా వైపు చూడకుండా.

"పెట్టె కొత్తగా ఉంటేనే కదన్నా రేటు. కొనేవాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకుంటారు."

"ఆడరా?"

"ఆడితే విలువ పోతాది."

"ఇదేం యాపారం పాపా! పెండ్లి చేసుకోని ఫోటో సూసుకుంటా కూసున్నట్టుండాది."

జెస్సీ నవ్వింది. చేతిలో పెట్టెను బల్ల మీద పెట్టింది.

"మాకు కాఫీ అంగడి కూడా ఉండాది. ఆడ గంట లెక్కన ఆడతారు. నలభై ఆటలూ నడిస్తే తీసుకుంటా. చెడిపోయినవి నెలనెలా నీకే పంపిస్తా, ఈడనే కూసోని బాగుచెయ్. కాళహస్తికి పోయి నాలుగుకి వస్తా. ఒక్కటి నడవకున్నా నిన్ను నమ్మి పని పంపలేనన్నా."

నలభైలో పదకొండు నడవలేదు. ఇన్నేళ్ళూ తగిలించే ముందు దుమ్ము పోవాలని ఊది ఊది, నోటి తడికి రాగి పళ్ళు చిలుము పట్టాయి. ఒక్కొక్కటీ విప్పాడు, రుద్దాడు, టీవీలో పెట్టి చూశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మధ్యలో ఎడమ భుజం నొక్కుకున్నాడు. అడిగితే, కుర్చీ సరిగా లేదన్నాడు.

"రెండు ముద్దలు తినయ్యా."

"అయినాక తింటా లేవే. నీ బొట్లకేమి, బాగుండాయి."

మూడున్నరకు ఒక్కటే మిగిలింది. రుక్మిణమ్మ, సెల్లు కవర్లాయన ముందే వచ్చి వాకిట్లో నిలబడి గడియారం చూసుకుంటున్నారు. నేను టీ తేవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి జెస్సీ ఆటో దిగుతోంది.

"అన్నా, అయినాయా?"

టీవీలో అంతకుముందు బాగుచేసిన ఆట దానంతటదే పాట పాడుతోంది. ఆయన బల్ల మీద చెంప ఆనించి ఉన్నాడు, అలిసి కునుకు తీసినట్టు. చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. పట్టు లేదు.

కర్మాంతరాలు అయ్యాక జెస్సీ మళ్ళీ వచ్చింది. ముప్పైతొమ్మిది ఆటలూ నడిచాయి. అన్నీ తీసుకుపోయింది. అంగట్లో ఇప్పుడు సెల్లు కవర్లు వేలాడుతున్నాయి.

నా దగ్గర ఉన్నది నలభయ్యో క్యాసెట్. దాని మరలు మూడు, దొర్లిపోకుండా ఆయన వేసిపెట్టిన అమృతాంజనం మూతలోనే ఉన్నాయి. నాలుగోది సగం విప్పి, ఇంకా దానికే ఉంది.

తాయమ్మ, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది పుత్తూరులో.