పక్క కుండ

బేరమాడటంలో మా పంపుల మేస్త్రిని మించినవాడు ఈ భూప్రపంచంలో లేడు. ఉంటే పిలుచుకురండి, నా మీసం సగం గొరిగించుకుంటాను. ఓసారి జోరున వాన కురుస్తుంటే గొడుగు కొనడానికి వెళ్ళాడు. వానలో గొడుగు బేరం, అదీ తడిసి ముద్దయినవాడు! అలాంటిది కొట్టువాణ్ణి సగం ధరకు దింపి, కుర్చీ వేయించుకుని, టీ తెప్పించుకుని, చివరికి కొట్టువాడే బస్సు ఛార్జీ చేతిలో పెట్టి "వెళ్ళిరా నాయనా" అని దణ్ణం పెట్టేదాకా వదల్లేదు. చుట్టాల్లో ఎవరు మంచం కొన్నా, బీరువా కొన్నా మేస్త్రి వెంట ఉండాల్సిందే.

ఆయన విద్యంతా ఒక్క మాటలో ఉంది. కావలసిన కుండను తట్టకూడదు. పక్క కుండను తట్టాలి, దాని ధరే అడగాలి, దాని మీదే పోట్లాడాలి. అవతలివాడు అలిసిపోయి ఊ అన్నాక, లేస్తూ లేస్తూ, "ఇదిగో, ఇది కూడా పడేయవయ్యా" అని అసలు కుండను కొసరుగా అడగాలి. ఇవ్వనంటే లేచి నడవాలి. వీధి మలుపు తిరిగేలోగా వెనక నుంచి కేక వస్తుంది.

అలాంటివాడు నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. పనిచేసే కంపెనీ మూతపడింది. జీతంతోపాటు ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా కూడా పోయింది. కరవులో అధిక మాసమన్నట్టు, ఆ వెంటనే భార్యకు ఆయాసం మొదలైంది. గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు, ఆపరేషన్ చేసి మార్చాలి, వానాకాలం దాటనివ్వకండి అన్నాడు డాక్టరు. పంపులో వాల్వయితే మేస్త్రి చీకట్లో చేత్తో తడుముతూ మార్చేసేవాడు. ఆసుపత్రివాళ్ళు చెప్పిన ఖర్చు విన్నాక, ఆ మెట్లు దిగుతూ మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంతలో పెద్ద పెద్ద భవనాల్లో నీటి పంపులు చూసే కంపెనీ ఒకటి కబురు పెట్టింది. పని చేయించి చూశారు, మేస్త్రి చెయ్యి వాళ్ళకు నచ్చింది. ఇక వచ్చి ప్యాకేజీ మాట్లాడుకోమన్నారు. ఆ కంపెనీలో భార్యకు కూడా మొదటి రోజు నుంచే బీమా ఉంటుందనీ, ముందునుంచీ ఉన్న జబ్బులకు కూడా వర్తిస్తుందనీ వాకబు చేసుకొచ్చాడు బావమరిది. అతను బస్సు కండక్టరు; లోకంలో సంగతులన్నీ టికెట్లతోపాటే అతని చేతికొస్తాయి.

వెళ్ళే ముందు రోజు సాయంత్రం వంటింట్లో సభ జరిగింది. మేస్త్రి భార్య ఉల్లిపాయలు తరుగుతూ, మధ్య మధ్యలో కత్తి పక్కన పెట్టి ఊపిరి తీసుకుంటోంది.

"నేరుగా అడగరాదూ?" అంది. "మా ఆవిడకి గుండె బాలేదు, బీమాలో ఆవిడ పేరు కావాలి అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"పిచ్చిమొహమా! మన అవసరం చెప్పామంటే మన జుట్టు వాళ్ళ చేతికిచ్చినట్టే. ఇక జీతం గీతం ఏం పెడితే అదే తినాలి."

"బావ చెప్పేదీ నిజమే అక్కా," అన్నాడు కండక్టరు. "ఇంట్లో రోగముందని తెలిస్తే ఉద్యోగమే లేదంటారేమో."

"నువ్వు ఊరుకోరా. ఈయనకు తాళం వెయ్యడానికి తయారవుతావు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "గొడుగు కాదండీ ఇది."

"నాకు తెలీదా?"

"తెలిస్తే నేరుగా అడగండి. నాకు ఎక్కువ జీతం వద్దు, పట్టుచీరలూ వద్దు. మెట్లెక్కితే ఆయాసం రాకపోతే చాలు."

"అడుగుతాన్లే," అన్నాడు మేస్త్రి. ఎలా అడుగుతాడో మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఆయన్ని కూర్చోబెట్టిన గదికి మూడు వైపులా అద్దాల గోడలు. చలి ఎముకలు కొరుకుతోంది. బల్లకు అవతల ఒకమ్మాయి, వయసులో ఆయన మేనకోడలంత ఉంటుంది, ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని ఒక్కొక్కటే వినిపించింది. నెల జీతం, బోనస్, భవిష్యనిధి, బూట్లు, యూనిఫారం, రానుపోను బస్సు, సెలవులు. ఆ తర్వాత, "మీకు బీమా ఎలాగూ ఉంటుంది. కావాలంటే కుటుంబానికీ ఇస్తాం," అంది.

మేస్త్రి చటుక్కున కిటికీలోంచి ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు వైపు చూపు తిప్పేసుకున్నాడు. కావలసిన కుండ అది. చూడకూడదు.

"ఇందులో మీకు ఏది ముఖ్యమండీ?" అని అడిగింది అమ్మాయి.

ఇంత సూటిగా ఆయన్ని ఏ కొట్టువాడూ ఎన్నడూ అడగలేదు. ఇదేదో ఎత్తు అనుకున్నాడు.

"జీతమేనమ్మా. మిగతావన్నీ పైపై మెరుగులు. ఈ జీతానికి మా వీధి కుక్క కూడా కాపలా కాయదు."

అమ్మాయి నవ్వింది. "మీరు భలేవారే. సరే, కుటుంబానికి బీమా వద్దనుకుంటే ఆ మొత్తాన్ని జీతంలో కలపొచ్చు. భార్యకు వేరేచోట బీమా ఉన్నవాళ్ళు అలాగే తీసుకుంటారు. కలపమంటారా?"

"అబ్బే, ఆ బీమా గీమా మనకంత పట్టింపు లేదులెండి," అన్నాడు మేస్త్రి, పక్క కుండను గట్టిగా తడుతూ. "జీతం సంగతి చూడండి."

చూసింది. మరికాస్త పెంచమన్నాడు, పై అధికారికి ఫోన్ చేసి మరికాస్త పెంచింది. బూట్లు ఏడాదికి రెండు జతలన్నాడు, అలాగేనంది. మేస్త్రికి ఒళ్ళు తేలికైంది. ఇంత మెత్తటి బేరం ఆయన జన్మలో ఆడలేదు. అమ్మాయి చివరిసారి అన్నీ చదివి వినిపించి, "ఇక ఖరారే, పైకి పంపించేస్తున్నా," అని మీట నొక్కింది.

అప్పుడు లేస్తూ లేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు నుదురు తట్టుకున్నాడు. "పనిలో పనిగా మా ఆవిడ పేరు కూడా ఆ బీమాలో పడేయమ్మా. కొసరనుకో."

అమ్మాయి చేతులు ఆగిపోయాయి. "వద్దన్నారు కదండీ? దాని బదులే జీతం పెంచాను. మళ్ళీ మార్చుకోవాలంటే వచ్చే ఏడాదే."

"పెంచింది తీసేయ్, పోనీ."

"అది నా చేతిలో లేదండీ. కూర్చోండి, పైవాళ్ళను అడిగి చూస్తాను. ఇవాళే తేలుతుందని మాత్రం చెప్పలేను."

అక్కడ కూర్చోవాల్సింది. కానీ మొదట కాదనడమూ, తర్వాత చూస్తాననడమూ ఆయన ఎరిగిన బజారు భాషే. దానికి ఆయన ఎరిగిన జవాబూ ఒక్కటే.

"అయితే నాకీ ఉద్యోగమే వద్దులే తల్లీ," అన్నాడు. లేచి నడిచాడు.

"నిజంగానే వద్దా అండీ?" అంది అమ్మాయి, కళ్ళు పెద్దవి చేసి.

"వద్దంటే వద్దే!"

మెల్లగా నడిచాడు. వరండాలో ఆగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. దాహం లేకపోయినా నీళ్ళు తాగాడు. లిఫ్టు వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, ఎవరో దిగారు, పోయింది. వెనక నుంచి కేక రాలేదు.

ఇక్కడ ఆ గొడుగు సంగతి కాస్త సవరించుకోవాలి. బస్సు ఛార్జీ అబద్ధం. టీ కూడా అబద్ధమే. కొట్టువాడు అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాడు, ఇంటికొచ్చి విప్పితే ఒక ఊచ లేదు. చుట్టాలు ఆయన్ని వెంట తీసుకెళ్ళేది బేరానికి కాదు, మంచం మోయడానికి. నా మీసమంటారా, దాన్ని ఎప్పుడో తీయించేశాను, కాబట్టి ఎవరినీ పిలుచుకురానక్కర్లేదు. అయితే నడిచి వెళ్తుంటే కొట్టువాళ్ళు ఒక్కోసారి వెనక్కి పిలవడం మాత్రం నిజం. పాపం, ఆయన నమ్ముకున్నది ఆ ఒక్కటే.

వరండాలో బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సన్నటి మనిషిని లోపలికి పిలిచారు. అదే పనికి వచ్చిన ఇంకో మెకానిక్కు. తలుపు పూర్తిగా పడలేదు. అతని మాటలు మేస్త్రి చెవిన పడ్డాయి.

"జీతం మీరు అనుకున్నంత ఇవ్వండమ్మా. మా అమ్మకు కళ్ళు ఆనడం లేదు. ఆవిడ పేరు బీమాలో కావాలి."

"అలాగేనండీ," అంది అమ్మాయి. అంతే. అంత చిన్న మాట.

మేస్త్రి మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి సన్నటి మనిషి సంతకం పెడుతున్నాడు.

"అమ్మా, ఇందాక నేను అన్నది... అది బేరం. వద్దని కాదు. మా ఆవిడకి గుండెలో వాల్వు పోయింది. అందుకే వచ్చాను. జీతం సగం చేసినా సరే."

అమ్మాయి సంతకమవుతున్న కాగితం వైపు చూసింది. "ఏది ముఖ్యమని అడిగాను కదండీ," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "ఖాళీ ఒక్కటే ఉంది. నిజంగానే వద్దా అని కూడా అడిగాను."

"అడిగావమ్మా," అన్నాడు మేస్త్రి.

సన్నటి మనిషి కలం పట్టుకుని తలొంచుకున్నాడు. తల్లి కళ్ళు అతనికీ ముఖ్యమే మరి.

ఇంటికొచ్చేసరికి భార్య కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. పడుకుంటే ఊపిరాడక రాత్రుళ్ళు కూడా ఆ కుర్చీలోనే ఉంటోంది. గడపలో ఆయన్ని చూడగానే ఆమెకు సగం అర్థమైంది.

"రాలేదా?"

"వేరేవాళ్ళకి ఇచ్చారు."

"నేరుగా అడిగారా?"

ఆయన చెప్పులు విప్పుతున్నట్టు వంగాడు. బూట్లతో వెళ్ళిన సంగతి ఆయనకే గుర్తులేదు.

"అడిగాను," అన్నాడు. "మొట్టమొదటి మాట అదే."

"అయినా కాదన్నారా?"

"కాదన్నారు."

"మనుషులేనా వాళ్ళు!" అని పళ్ళు కొరికాడు పక్కనే ఉన్న కండక్టరు. ఆ కంపెనీ ఏడు తరాలనూ తిట్టిపోశాడు. మేస్త్రి వింటూ నిలబడ్డాడు. ప్రతి తిట్టూ గురి తప్పకుండా ఆయనకే తగిలింది.

"ఊరుకోరా తమ్ముడూ," అంది ఆమె. మొగుడి చెయ్యి అందుకుంది. "నోరు తెరిచి నాకోసం అడిగారు. అంతే చాలు నాకు," అని నవ్వింది.

ఇందులో కల్పించింది ఏదంటే చెప్పేస్తాను. అద్దాల గోడలూ, సన్నటి మనిషీ, వచ్చిపోయిన లిఫ్టూ, ఆమె అన్న మాటా అన్నీ నిజం. ఆ నవ్వు ఒక్కటే నేను పెట్టింది. ఆమె నవ్వలేదు. ఆయన మొహంలోకి కాసేపు చూసి, చెయ్యి వదిలేసి, కిటికీ వైపు తిరిగింది.