బొజ్జమావ ఆఖరి పొట్లం

బాండీలో ఇసుక కాగింది. చిన్నమ్మి గుప్పెడు వేరుశనగకాయలు వేసి చూసింది. ఒకటి టప్పుమన్నాక మిగతావి కుమ్మరించి చిల్లుల గరిటెతో తిప్పసాగింది. కుడిభుజం పైకి లేవడం ఎప్పుడో మానేసింది. అందుకని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళంతా ఊపి తిప్పుతుంది. చూసేవాళ్ళకి మనిషి ఊయల ఊగుతున్నట్టుంటుంది. ఊగే మనిషికి మాత్రం నడుము ఎక్కడికక్కడ విరుగుతున్నట్టుంటుంది.

హుకుంపేట సంత ఇంకా నిండలేదు. జీపుల మీంచి పసుపు బస్తాలూ అల్లం బుట్టలూ కొండచీపుళ్ళ కట్టలూ దిగుతున్నాయి. పాడేరులో అద్దెగది, రోజుకో ఊరి సంత, ఇదీ చిన్నమ్మి బతుకు. ఏ సంతకెళ్ళినా ఆమె చోటు ఆమెకుంటుంది. ఎవరిచ్చారని ఎవరూ అడగరు.

కాయలు జల్లెడపట్టి గోనె మీద పోసి, కాగితాల కట్ట విప్పింది. అన్నీ వార్తాపత్రికలే. అడుగున ఒక్కటే వేరేది, పసుపెక్కిన దళసరి కాగితం. దాన్ని కొంగుతో తుడిచి తూకంరాయి కింద పెట్టింది. అదే ఆఖరిది. కొండ మీంచి సోంబరు వచ్చేదాకా దాన్ని ఎవరి చేతా ముట్టనివ్వకూడదు.

ఎన్నో ఏళ్ళ కిందట సీలేరు కాలనీలో ఎవరో ఇంజనీరుగారు క్వార్టరు ఖాళీ చేస్తూ, పాత పిల్లల పత్రికలు రెండు గోనెసంచుల నిండా అమ్మేశారు. చిత్తుకాగితాల లెక్కన చిన్నమ్మి కొన్నది. తీరా చూస్తే ప్రతి పత్రికలోనూ ఒక పేజీ నిండా గడులు, గడిగడికీ బొమ్మ, మాటన్నది లేదు. అన్నిట్లోనూ ఒకడే మనిషి. గుండిగంత పొట్ట, చిన్న కళ్ళజోడు, పెద్ద తలపాగా. సంతలో వాడికి బొజ్జమావ అని పేరు పడిపోయింది. చదువు రాని వాళ్ళకి చదువుకునే వస్తువు దొరికినట్టయింది.

అయితే పొట్లం సంగతి వేరు. కాగితం పైమూల పట్టుకుని చుడితే అడుగుమూల పైకొస్తుంది. విప్పేవాడికి ముందు కనబడేది ఆఖరి గడి. అలా సంతంతా బొజ్జమావని వెనకనుంచి ముందుకే చదివింది. బురదలో పడున్నవాడు లేచి, గాల్లోకి ఎగిరి, ఎడ్లబండి మీద దర్జాగా కూర్చునేవాడు. అందరికన్నా బాగా చెప్పేవాడు సోంబరు. పసుపు అమ్ముకుని, ఒక పొట్లం కొని, గడిగడికీ వేలుపెట్టి చెబుతుంటే చుట్టూ జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు. పళ్ళూడిపోయాక కూడా కొనడం మానలేదు. కాయలు పిల్లలకిచ్చి కాగితం మడిచి మొలలో దోపుకునేవాడు.

"మామ్మా, బొజ్జమావ కాయితం లేదేటి?" అని ఒక గుంటపిల్ల వచ్చింది.

"ఒక్కటే ఉందే. అది సోంబరుది."

"తాతకి పళ్ళే లేవు, కాయలేటి సేసుకుంటాడు?"

"నాకు మాత్రం ఉన్నాయేటి? నీకే ఒగ్గేత్తాడు గదే, తిండిపోతా. ఇది అట్టుకుని నడు." వార్తాపత్రిక పొట్లం చేతిలో పెట్టింది.

ఎండ నెత్తికెక్కింది. సోంబరు రాలేదు. ఇదివరకు తన దగ్గరికి వచ్చే పిల్లలు ఇప్పుడు చిప్స్ పాకెట్ల తోరణాలున్న కొట్టువైపే పోతున్నారు. వాళ్ళని పిలిచే ఓపిక కూడా చిన్నమ్మికి లేదు.

అప్పుడొచ్చాడు విశాఖపట్నం కుర్రాడు, మెడలో కెమెరా. కాయలు అడగబోయి రాయి కింద కాగితం చూసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మామ్మగారూ, ఇదెక్కడిది? అరవై ఏళ్ళ పైమాటే ఇది! నేను ఇలాంటివే పోగుచేస్తానండి. ఆ కుక్క చూడండి, నాలుగు కాళ్ళూ నేలమీద లేవు. ఒక్క గీతలో పరుగు చూపించేశాడు. ఇప్పుడెవరు గీస్తున్నారు ఇలాగ?"

చిన్నమ్మికి ముచ్చటేసింది. కుక్కని ఇన్నాళ్ళూ చూసింది గానీ దాని కాళ్ళు చూడలేదు.

"నాకిచ్చేయండి. ఎంతడిగితే అంత."

"ఫొటో తీసుకో బాబూ. కాయితం మాత్రం మాటిచ్చీసినాను."

కుర్రాడి పేరు సాయినాథ్. ఫొటో తీసుకున్నా వెళ్ళబుద్ధి కాక అక్కడే నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా సోంబరు వచ్చాడు. ముఖం బూడిదరంగులో ఉంది. చేతిలో పసుపుసంచి కూడా లేదు. గోనె పక్కన కూలబడి, చెంబెడు నీళ్ళు తాగి, సగం గుండెల మీద పోసుకున్నాడు.

"ఇంత పొద్దేటి తమ్ముడా? రావనుకున్నాను."

"దమ్ము సాల్లేదప్పా. కొండ దిగతా రెండు తూర్లు కూకుండిపోనాను. కాయితం ఉందా, ఎవులికైనా ఇచ్చీసినావా?"

"ఇచ్చీత్తే ఊరుకుంటావా? నా కొప్పు పీకీయవూ."

కాగితం అలాగే ఇచ్చేయొచ్చు. చిన్నమ్మి పొట్లమే చుట్టింది. విప్పకుండా చూస్తే అది బొజ్జమావ ఎలా అవుతుంది? నిండా కాయలు పోసి అందించింది. సోంబరు కాయల్ని పక్కన అడ్డాకు విస్తరిలో పోసి, కాగితం నెమ్మదిగా విప్పాడు. ఇద్దరు ముగ్గురు చేరారు.

"ఇదో, చెరువు. నీటిమీద తలపాగా, దానిమీద కప్ప. బొజ్జమావ మునిగున్నాడు. ఒచ్చీసినాడు పైకి! ఇక్కడ సూడు, కుండలోడి కుండలన్నీ ముక్కలై ఉన్నాయి. బొజ్జమావ పోయి తగిలీసరికి అన్నీ అతుక్కుపోనాయి! ఆడు ఎగిరి సైకిలెక్కినాడు. కుక్క సాగనంపుతంది. పో నాయనా, పో, బద్రం!"

నవ్వులు లేచాయి. సాయినాథ్ ఆగలేకపోయాడు. "తాతా, అటునుంచి కాదు, ఇటునుంచి." ముందునుంచి వేలు పెట్టి చూపించాడు. సైకిలు మీద దర్జా, కుక్క అడ్డురావడం, గాల్లోకి లేవడం, కుండలు పగలడం, చెరువు, కప్ప.

"అలగైతే పడిపోనాడన్నమాట" అన్నాడు సోంబరు.

"అదే తాతా నవ్వు."

సోంబరు నవ్వాడు కూడా, కప్పని చూసి గట్టిగా. దగ్గొచ్చి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాక, "బావుంది బాబూ. మరి కుండలోడి గతేటి?" అన్నాడు.

సాయినాథ్ కాగితం వైపు మళ్ళీ చూశాడు. కుండలవాడి బొమ్మ ఒక్క గడిలోనే ఉంది.

చిన్నమ్మి తల వంచుకుని బాండీలో ఇసుక తిప్పింది. పెనిమిటితో ఆమె మొదటిసారి ఈ కొండలెక్కింది కుండలు అమ్మడానికే. ఘాట్‌రోడ్డు మలుపులో జీపు పల్టీ కొట్టింది. మనిషీ పోయాడు, కుండలూ పోయాయి. అదే జీపులో ఉన్న సోంబరు, చేయి విరిగినా, ఆమె పక్కన చీకటిపడేదాకా కూర్చున్నాడు. పెంకులు ఏరి కుప్ప పెట్టాడు, ఎందుకో అతనికే తెలియాలి. తర్వాత ఇన్నేళ్ళలో ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"బేగి జీపెక్కి పోరా. ఒళ్ళు బాగోనేదు నీకు" అంది.

"కూసేపు కూకుంటానప్పా. పొయ్యి ఎచ్చగుంది."

ఆమె వెనకనున్న కాయల బస్తాకి చేరగిలబడ్డాడు. సాయినాథ్ దండం పెట్టి వెళ్ళిపోయాడు. బేరాలు వచ్చిపోతున్నాయి. వెనక కాయలు చిట్లుతున్న చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత వినబడలేదు. నిద్రపట్టిందనుకుంది.

జీపు డ్రైవరు ప్రేమ్‌కుమార్ వచ్చి, "తాతా, లెగు, బండి నిండిపోనాది" అని కేకేశాడు. చిన్నమ్మి వెనక్కి తిరిగి చెయ్యి పట్టుకుని లేపబోయింది. పొయ్యి పక్కనున్న మనిషి చెయ్యి అంత చల్లగా ఉండకూడదు. ఆమె ఆ చేతిని వదల్లేదు. "మెల్లిగా ఎత్తండి నాయనా, అదరకుండా" అని మాత్రం అంది.

సోంబరు ఊరివాళ్ళే పదిలంగా జీపెక్కించుకున్నారు. మడిచిన కాగితం అతని మొలలోనే వెళ్ళింది. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, చిన్నమ్మి వచ్చి పొయ్యి ఆర్పింది, ఇసుక సంచికెత్తింది, గోనె దులపబోయి ఆగింది.

బస్తా పక్కన అడ్డాకులో కాయలన్నీ ఒలిచి ఉన్నాయి. పొట్టు ఊదేసి, పళ్ళు లేనివాళ్ళు చప్పరించడానికి వీలుగా రాయితో నలిపిన పప్పులు, రెండు వాటాలుగా.