పంకా పైవైపు

మా వీధికి కరెంటు వచ్చిన ఏడాదే గనుల దొర బంగళాలో సామాన్లు హరాజు వేశారు. దొరలు దేశం విడిచి పోతున్న రోజులవి. కాలువ గట్టు మీద ఆ బంగళా ముందు మంచాలు, కుర్చీలు, గాజు సామాను, ఒక గుర్రపు జీను కూడా ఎండలో పరిచిపెడితే కర్నూలు ఊరంతా వచ్చి చూసింది. నేను ఒక కరెంటు పంకా కొన్నాను. ఇంట్లో ఎనిమిది నెలల మనవడున్నాడు. మే నెల. పొద్దు గూకినా గోడలు వేడి కక్కుతూనే ఉంటే, మెడ చుట్టూ చెమటకాయలు లేచి వాడు గోలగోలగా ఏడుస్తున్నాడు.

పంకాను గోనెలో చుట్టి జట్కాలో తెచ్చి వసారాలో దించాను. మా అక్క జీవమ్మ గడప లోపల, గదిలో ఉయ్యాల తాడు లాగుతూ కూర్చుని ఉంది. గోనె విప్పగానే తాడు ఆపింది.

"ఇది బేబీ రూములోది," అంది.

"నీకెట్ల తెలుసు?"

"ఆ ఇంట్లో మూడు రెక్కలది ఇదొక్కటే. కడమవన్నీ నాలుగు."

అంతే, లేచి పెరట్లోకి పోయింది. చేతులు కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

బావ చనిపోయాక అక్క ఆ బంగళాలో ఆయాగా చేరింది. దొరసాని రోజూ పొద్దున్నే ఆమెను చేతులు చాపమనేది, ఊదారంగు మందునీళ్లలో ముంచమనేది, ఆ తర్వాత వేళ్లు వాసన చూసేది. అయినా బిడ్డకు మాటిమాటికీ విరేచనాలు పట్టుకునేవి. ఒకసారి జబ్బు ముదిరి ప్రాణం మీదికి వచ్చింది. బిడ్డ బతికింది గానీ, దొరసాని నౌకర్లందరి ముందూ "రోగం నీ చేతుల్లో ఉంది" అని అక్కను వెళ్లగొట్టింది.

ఆ మాటను అక్క నమ్మింది. అప్పటినుంచి చర్మం లేచేదాకా చేతులు కడుగుతుంది. గరిటెతో తప్ప వడ్డించదు. నా భార్య ప్రేమమ్మ ఉన్నన్నాళ్లూ మొండికేసి "వదినా, నీ చేత్తో కలిపి పెడితేనే తింటా" అని పళ్లెం ముందుకు తోసేది. అక్క ఏడుస్తూ కలిపేది. ప్రేమమ్మ పోయాక అంత మొండితనం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు ఆ చేతుల మీదనే నా కూతురు జ్ఞానమణి బతుకు ఆధారపడి ఉంది. ఆమెకు ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం ఇస్తామన్నారు. వస్తానో రానో ఆ మరునాడు చెప్పాలి. అల్లుడు ఆనందం కాంపౌండరు, పొద్దున ఆసుపత్రికి పోతే దీపాల వేళకు గానీ రాడు. నేను హైస్కూలు అయ్యవారిని. సెలవులయ్యి బడులు తెరిచాక పగలంతా బిడ్డను చూసుకోవలసింది అక్క ఒక్కతే.

"ఉయ్యాల ఊపుతా, పాట పాడతా," అంది అక్క. "ఎత్తుకోమనొద్దు, తినిపించమనొద్దు. నా చేతులు మంచివి గావు."

జ్ఞానమణి వాదించలేదు. మరునాడు తల దువ్వుకుంది. వీధి కొళాయి నుంచి నాలుగు బిందెలు తెచ్చిపెట్టి, ఆ తర్వాత బడికి పోయి, ఉద్యోగానికి రానని చెప్పి వస్తానంది. నేను పంకా ముందు కూర్చున్నాను.

రెక్కలు ఊడదీసి గోనె మీద పెట్టాను. కిందివైపు నా ముఖం కనిపించేటంత నిగనిగలాడుతున్నాయి. ఆ ఇంటి నౌకర్లు బాగా తుడిచేవాళ్లే అనుకుంటూ ఒకదాన్ని తిప్పాను.

పైవైపు తడిసిన కుక్క వీపులా ఉంది. నల్లటి జిడ్డు బొచ్చు వేలు మందాన పేరుకుని, అంచుల దగ్గర జడలు కట్టి వేలాడుతోంది. ఉత్త దుమ్మయితే ఊదేసేవాణ్ణి. చుట్టల పొగ, వంట నూనె, మనుషుల ఒంటి మీద నుంచి రాలిన పొట్టు అన్నీ కలిసి ముద్దయి కూర్చున్నాయి. కొబ్బరిచిప్ప ముక్కతో గీకితే పొడిగా రాలకుండా వెన్నలాగా చుట్టుకుంటూ వచ్చింది. అందులోంచి ఒక పొడుగాటి ఎర్రటి వెంట్రుక సాగి నా బొటనవేలికి చుట్టుకుంది. దాన్ని విదిలిస్తే మోచేతికి అంటుకుంది.

రేషను కిరసనాయిలు కొంచెం గుడ్డకు పట్టించి రుద్దాను. వేడి కుంకుడు నీళ్లు పోశాను. అప్పుడు లేచింది కంపు. చెడిపోయిన నెయ్యి, తడిసిన ఈకలు, ఎలుక మూత్రం అన్నీ ఒకే కుండలో కాచినట్టు. ఆ పూట గాలి పక్కింటి వైపు వీచింది. అది మాకు మేలే గానీ ఆ ఇంటి సుంకమ్మకు కాదు. ఆమె తల గోడ మీదికి వచ్చింది.

"ఏమయ్యోరా, మేకపోతును కాలుస్తాండారా? మాకూ రెండు తునకలు పంపీ."

"పంకా కడుగుతాండా సుంకమ్మా. దొర బంగళాది."

"అట్లయితే దొరే లోపల సచ్చుండాడేమో సూడప్పా!" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగిపోయింది.

ఆమె మాట తప్పు కాదు, చచ్చినది లోపల ఉంది. పంకా కడ్డీ పైకొసన, ఇంటికప్పుకు ఆనే చోట, కొక్కెం కనపడకుండా ఇనుప గిన్నె ఒకటి ఉంటుంది, నోరు పైకి పెట్టుకుని. మర విప్పినా అది కదల్లేదు. సుత్తితో తట్టాను. ఒక్కసారిగా జారి, లోపలిదంతా ముద్దగా గోనె మీద పడింది.

ఒక బల్లి, ఎముకలకు తోలు అంటుకుపోయి, నోరు తెరుచుకుని ఉంది. దాని చుట్టూ పగిలిన గుడ్ల పెంకులు, బొద్దింకల కాళ్లు, పిడికెడు బల్లి రెట్టలు నల్లటి జిడ్డులో దిగబడి ఉన్నాయి. చూస్తుండగానే ఆ ముద్ద ఒకచోట కదిలింది. తెల్లటి పురుగులు. నేను పెరట్లోకి పరుగెత్తి పొద్దున తాగిన అంబలంతా కక్కేశాను.

ముఖం కడుక్కుని వచ్చేసరికి అక్క దాని ముందు గొంతుక్కూర్చుని ఉంది. ముక్కు మూసుకోలేదు.

"ఇది పైన ఉండేదా?"

"అవునక్కా."

"కిందికి రాలేదా?"

నేను గిన్నెను ఎత్తి చూపించాను. కడ్డీ దూరే చోట చుట్టూ సందు ఉంది. పంకా తిరిగి ఊగినప్పుడల్లా రాలుతూనే ఉంటుంది. అక్క దాని కింద అరచెయ్యి పట్టింది. నేను గిన్నెను కొంచెం కదిలించాను. మిరియాల పొడి లాంటిది ఆమె చేతిలో పడింది.

"దీని కిందనే టేబులు," అంది.

"ఏ టేబులు?"

"పాల టేబులు. పాలు కాంచి, మూత తీసి, పంకా ఏసి ఆడ పెట్టమనేది దొరసాని. బిరీన సల్లారాలని. సల్లారేదాకా నేను పక్కన నిలబడి ఈగలు తోలుతాంటి." అరచేతిని కంటి దగ్గరికి తెచ్చుకుంది. "పాలల్లో నల్లగా నలుసులు కనపడేవిరా సుందరం. నా గోళ్లల్లోవి అనుకుంటి."

"దీనివల్లనే అని తేల్చి చెప్పలేం గానీ అక్కా, అయ్యుండొచ్చు," అన్నాను.

"అయ్యుండొచ్చా? బీయే సదివినోడివి, ఈ కంపు ముందర కూర్చోని అయ్యుండొచ్చు అంటాండావా?" అక్క గొంతు లేచింది. ఆ ఇంట్లో పని పోయిన తర్వాత ఆమె గొంతు అంత లేవడం నేను వినలేదు. "నా వేళ్లు వాసన సూసేది కదప్పా! ముక్కు ఆనించి సూసేది, కుక్క సూసినట్ల. దాని నెత్తిమీదనే పీనుగను పెట్టుకోని! ఒక్క పొద్దన్నా తల పైకెత్తలేదే! థూ!"

బల్లిని చూసి ఊసిందో, దొరసానిని తలుచుకుని ఊసిందో తెలియదు.

ఆ అరుపుకు బిడ్డ లేచాడు. అక్క గదిలోకి పోయి అలవాటుగా తాడు లాగింది. వాడికి ఊగడం అక్కరలేదు, ఆకలి. ఇంకా గట్టిగా ఏడ్చాడు. జ్ఞానమణి కొళాయి దగ్గర ఉంది. నా చేతులు మోచేతుల దాకా కిరసనాయిలు, జిడ్డు.

అక్క నా చేతులు చూసింది. తన చేతులు చూసుకుంది. పెరట్లోకి పోయింది. ఇక ఇప్పట్లో రాదనుకున్నాను. సబ్బు రుద్దిన చప్పుడు, ఒక చెంబు నీళ్లు పోసిన చప్పుడు, అంతే. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఉయ్యాలలోకి వంగింది. మొదట వాణ్ణి ఎట్లా పట్టుకోవాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగి, మెడ కింద చెయ్యి దూర్చి లేవదీసింది. వాడు ఏడుపు ఆపి ఆమె ముక్కు పట్టుకున్నాడు.

మెత్తన్నం పాలల్లో పిసికి, వేళ్లతో వాడి నోట్లో పెట్టింది. సగం వాడి గడ్డం మీదుగా కారింది. వాడికి కొత్తగా రెండు పళ్లు వచ్చాయి.

"అబ్బా! కరిసినాడప్పా, దొంగ నా కొడుకు," అని అక్క నవ్వింది.

జ్ఞానమణి బిందెతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. నీళ్లు తొణికి పాదాల మీద పడుతున్నా చూసుకోలేదు.

"అత్తా..."

"ఏందట్ల నిలబడినావు? బిందె దించు." అక్క తల ఎత్తకుండానే ఇంకో ముద్ద పెట్టింది. "బడికి పోయి వస్తానని సెప్పు. రానని సెప్పేకి పోతాండావు గదా, ఆ మాట ఈడనే పారేసి పో. ఎండ ముదరకముందే పో."

జ్ఞానమణి నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె బిందె దించి, చెంగుతో కళ్లు తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది.

"పంకాను ఈ గదిలో కట్టొద్దు," అంది అక్క.

"మళ్లీ కడుగుతానక్కా. సోడా వేసి కడుగుతా."

"గంగలో ముంచి తెచ్చినా ఈ గదిలో వద్దు. ఇసనకర్ర ఉండాది, నేనుండా."

సరేనని, మనవడి బుగ్గ మీద అంటిన మెతుకు చూసి ఒక అడుగు ముందుకు వేశాను.

"ఆడనే ఉండు! నువ్వేంది దగ్గరికొస్తాండావు? పురుగుల కంపు కొడతాండావు. పోయి నీళ్లు పోసుకో, ఫో."

నేను గడప అవతలే నిలబడ్డాను.