ఈ ఇంట్లో ఎవరెవరున్నారు?

ఆ ఇంటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు చూసి, సర్కస్ డేరా వేశారనుకుని దారినపోయేవాళ్ళు టిక్కెట్టెంతని అడిగేవాళ్ళంటే నమ్మాలి. ఆ ఉతికిన నీళ్ళు కాలవలో కలిసి పక్క ఊరి చేలు పండించాయని కూడా అంటారు. అది మాత్రం కొంచెం ఎక్కువే. ఉతికేది ఇంటి కోడలొక్కతే అన్నది ఎక్కువా కాదు, తక్కువా కాదు.

పక్క తడిపేది పాప. ఆరేళ్ళది. ముందూ వెనకా ఎవరూ లేని పిల్లని, ‘ఇది దత్తత కాదు, కొంతకాలం మీ ఇంట్లో పెంచండి, మధ్యమధ్య వచ్చి చూస్తాం’ అని అనాథల హోమ్ వాళ్ళు అప్పగించారు. ఆలోచన కోడలిదే. మొదట్లో మొగుడి చెవికెక్కలేదు. ఎవరో ఆయనతో “మీది వెన్నలాంటి మనసు సార్” అన్నాక ఆ మనసు నిజంగానే కరిగి, ఆలోచన కూడా ఆయనదైపోయింది. మెచ్చుకోళ్ళ వరకు.

ముందు శిక్షణ తరగతులకి భార్యాభర్తలిద్దరూ రావాలన్నారు. “పిల్లల్ని పెంచడానికి పాఠాలేమిటే? మా అమ్మ ఏ బడికెళ్ళి నన్ను పెంచింది? నువ్వెళ్ళు” అన్నాడు మొగుడు. ఆఖరి రోజు ఫొటో తీస్తారని తెలిసి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో నడిమధ్యన కూర్చున్నాడు. ఆమె మొహం వెనక వరసలో ఎవరి చెవి చాటునో సగం పడింది.

పాఠాలు చెప్పిన పెద్దావిడ ముచ్చట్లేవీ చెప్పలేదు. పిల్ల మీది కాదు, వెళ్ళాల్సిన రోజొస్తే గుండె పగిలినా బట్టలు మీరే సర్దాలి అంది. అమ్మా అని పిలుస్తుందని ఆశ పెట్టుకోకండి అంది. మీరు చెప్పే మంచిమాటలు ఆ పిల్లకి వినబడవు, ఇంట్లో ఎవరు ఎవరి మీద అరుస్తారో అదే వినబడుతుంది అని కూడా అంది. ఆ ఆఖరి మాట ఎవరింటి సంగతో అన్నట్టు విని ఊరుకుంది కోడలు.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. పాప వచ్చినప్పుడు సెలవడిగితే, “కనకుండానే బాలింత సెలవా తల్లీ?” అని నవ్వాడు యజమాని. చూపు సరిగా ఆనని గిరాకీలు కూడా నవ్వు ఎటు నుంచి వచ్చిందో వెతుక్కుని మరీ నవ్వారు. సెలవివ్వలేదు. అద్దాల పొడి కళ్ళలో పడిందని చెప్పి మొహం కడుక్కొచ్చి, మళ్ళీ పనిలో కూర్చుంది.

ఇంటికొస్తే అత్తగారు. “పాలు పొంగిపోతుంటే కళ్ళు ఏ దుకాణంలో పెట్టొచ్చావు?” ఆ వెంటనే మొగుడు. “చొక్కా గుండీ కుట్టమని ఎన్నిసార్లు చెప్పాలి? చెవుడా?” ఆ మాటలు ఆమెకి గోడ గడియారం చప్పుడులాంటివి, ఆగితేనే తెలుస్తుంది. అందరూ బల్ల దగ్గర తింటుంటే ఆమె నిలబడి వడ్డించేది. పాప ముద్ద నోట్లో పెట్టుకుని ఆమెనే చూసేది. నాన్న అను, నానమ్మ అను అంటే తలూపేది గాని ఎవర్నీ ఏమీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే ఆమె చెయ్యి పట్టుకుని లాగేది. పిలుపు లేకపోతేనేం, ఆ లాగడానికే ఆమెకి కడుపు నిండిపోయేది. ఆ చిన్న చెయ్యి లేకపోతే ఈ ఇంట్లో తనకి మిగిలేదేమిటో తలుచుకోవడానికే భయం వేసేది.

పాపని ఉంచాలో వెనక్కి తీసుకెళ్ళాలో తేల్చడానికి ఆఫీసరమ్మ వచ్చిన రోజు అత్తగారు కొత్త పరదాలు కట్టించింది. మొగుడు పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఒడి ఎలా ఉంటుందో తెలియక పాప కొయ్యబొమ్మలా కూర్చుంది.

“ఈ ఇంట్లో ఎవరెవరున్నారు తల్లీ?” అంది ఆఫీసరమ్మ.

పాప వేళ్ళు ముడిచింది. “సార్ ఉన్నారు. పెద్ద మేడమ్ ఉన్నారు. ఆయా ఉంది.”

“ఆయా ఎవరు?”

టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కోడల్ని చూపించింది పాప.

“మరి అమ్మ?”

“అమ్మ ఇంకా రాలేదు. ఈ ఇంట్లో అమ్మ ఉంటుందని హోమ్‌లో చెప్పారు. నేను పక్క తడపడం మానేస్తే వస్తుందేమో.”

మొగుడు పెద్దగా నవ్వాడు. ఆఫీసరమ్మ నవ్వకపోయేసరికి ఆ నవ్వు ఎక్కడ దించుకోవాలో తెలియక పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. “ఏం నేర్పి పెట్టావే దానికి? నలుగురిలో నా పరువు తియ్యడానికా?”

పాప ఒళ్ళోంచి దూకి వచ్చి ఆమెకి అడ్డంగా నిలబడింది. “ఆయాని తిట్టకండి సార్. దుప్పటి నేనే తడిపాను.”

ఆఫీసరమ్మ కోడలి వైపు తిరిగింది. “ఈ అరుపు ఇవాళ్టిదేనా అమ్మా, రోజూ ఉండేదేనా?”

ఇవాళే అంటే పాప ఉంటుంది. ఒక్క మాట. అంతకంటే పెద్ద అబద్ధాలు ఈ ఇంటి కోసం, పుట్టింటివాళ్ళ దగ్గర, పక్కింటివాళ్ళ దగ్గర, అద్దంలో తన మొహం దగ్గర కూడా ఆడింది. ఇదీ ఆడితే సాయంత్రం మళ్ళీ ఆ చెయ్యి తన చెయ్యి లాగుతుంది. పాప పెరుగుతుంది. అరిచేవాళ్ళు సార్లనీ, అరుపులు పడేవాళ్ళు ఆయాలనీ నేర్చుకుంటుంది. ఏదో ఒకరోజు ఏదో ఒక ఇంట్లో పళ్ళెం పట్టుకుని నిలబడుతుంది. నేర్పింది ఎవరంటే, తనే. ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేర్పింది.

“రోజూనేనండీ” అంది.

“కొంప కూల్చావు కదే!” అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

పాపని తీసుకెళ్ళాల్సి ఉంటుందని ఆఫీసరమ్మ మెల్లగా చెప్పింది. కోడలు లోపలికెళ్ళి పాప బట్టలు సర్దింది. గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టింది. తరవాత ఇంకో సంచీ తీసి తన చీరలు సర్దింది.

“ఎక్కడికే? రాత్రికి వంటెవరు చేస్తారు?” అన్నాడు మొగుడు. ఇంత జరిగినా ఆయనకి తట్టిన సందేహం అదే.

ఆమె గుమ్మం దగ్గర ఆఫీసరమ్మని అడిగింది. “ఒంటరి ఆడదానికి పిల్లనిస్తారాండీ?”

“ఇస్తాం. నీకంటూ ఇల్లుండాలి, సంపాదనుండాలి. చాలా కాలం పడుతుంది. ఈ పాపనే ఇస్తామని మాత్రం మాటివ్వలేనమ్మా.”

ఆమె తలూపింది. పాప చెప్పులు తొడుక్కుంటూ ఆమె చేతిలో సంచీ చూసి మొహం పైకెత్తింది.

“డ్యూటీ అయిపోయిందా ఆయా?”

“అయిపోయింది” అని, ఆమె గడప దాటింది.